కామెంట్లలో చదివింపులు

గాజువాకలో నా కొట్టు ముందు ఆగిన బండి ఏదైనా సరే, ఏదో ఒకటి రాయించుకోకుండా కదలదు. ఆటో వెనక అమ్మానాన్నల దీవెన, లారీ అద్దం మీద దేవుడు, కొత్త స్కూటర్ మీద పిల్లల పేర్లు. ఈ పనిని మా దగ్గర రేడియం అంటారు. రంగు ప్లాస్టిక్ కాగితాన్ని అక్షరాలుగా కోసి అంటించడమే పని. అందులో నిజంగా రేడియం ఉందో లేదో చెప్పేంత చదువు నేను చదవలేదు. ఎనిమిదో తరగతి మధ్యలోనే బడికీ నాకూ పడలేదు. అక్కడ రాయమంటే రాయనివాణ్ణి, ఇక్కడ పొద్దున్న లేచింది మొదలు రాస్తూనే ఉన్నాను. మా లెక్కల మాస్టారి బండి నంబరు ప్లేటు కూడా నేనే చేశాను. అంకెలు సరిగ్గా పడ్డాయో లేదో రెండుసార్లు చూసుకుని మరీ వెళ్ళారాయన.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. మనిషి తన పేరు ఎక్కడో ఒకచోట కనపడాలనుకుంటాడు. తన బండి మీద కనపడితే సంతోషం, ఇంకొకడి బండి మీద కనపడితే ఇంకా సంతోషం. ఈ రెండో రకం సంతోషానికి స్పాన్సర్‌షిప్ అనే పేరుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తెలిసింది మా బావ వల్ల. బావ అంటే మా అక్కచెల్లెళ్ళను చేసుకున్నవాడు కాదు. ఈ ఊళ్ళో మగవాళ్ళు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు. చుట్టరికం లేకపోవడమే అందులో సుఖం. అతను ఆటోనగర్‌లో బైకు మెకానిక్. ఆదివారం వస్తే మట్టి ట్రాకుల మీద రేసులకు పోయేవాడు. మట్టి ట్రాకంటే ఊరి చివర ఎర్రమట్టి మైదానంలో గుట్టలు పోసి, వంకరటింకర దారి చేసి, బండ్లు గాల్లోకి ఎగిరేలా తయారుచేసిన చోటు. అతని భార్యని నేను చెల్లెమ్మా అంటాను. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. విరిగిన ఎముకలు రోజూ చూసే మనిషి కాబట్టి రేసంటే ఆమెకి చచ్చేంత భయం. అయినా ట్రాకు పక్కన ఫోను పట్టుకుని వీడియో తీసేది మాత్రం ఆమే. ఎందుకమ్మా అని ఒకసారి అడిగితే, "పడితే ఏ కాలు మీద పడ్డాడో డాక్టరుగారికి సూపించాలి కదన్నయ్యా" అంది.

బావ రేసు బండి కొన్నది కాదు, కూడబెట్టినది. వెనక టైరు టైర్ల కొట్టువాళ్ళు ఇచ్చారు. కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టులు లేత్ పనివాడు తిప్పి ఇచ్చాడు. సైలెన్సరు వెల్డింగ్ షాపు. ప్రాక్టీసు రోజుల్లో పెట్రోలు మా సందు మొదట్లో టీ కొట్టు నడిపే అక్క. సీటు మాత్రం పాతవూరు నుంచి వచ్చింది. పూర్ణా మార్కెట్ వెనక సందులో బైకులకూ ఆటోలకూ సీట్లు కుట్టే ముస్లిం పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మేమంతా సీటు భాయ్ అంటాం. బావ తండ్రి పోర్టులో పనిచేసే రోజుల్లో ఆయన సైకిలు సీటు కుట్టినవాడు. ఆ తండ్రి కొడుకు గాల్లో ఎగురుతున్నాడని తెలిసి, కూచుని తోలేవాడికీ లేచి నిలబడి తోలేవాడికీ సీటు వేరుగా ఉండాలని, బావని మూడు నాలుగుసార్లు పిలిపించి, ముందుకీ వెనక్కీ వంగబెట్టి, టేపుతో కొలిచినట్టు కళ్ళతో కొలిచి కుట్టాడు.

అందరూ ఇచ్చాక అందరూ అడిగింది ఒకటే. "బండి మీద ఓ మూల మన కొట్టు పేరు ఎయ్యి." ఆ పని నాది. ట్యాంకు మీద టైర్లు, ముందు మడ్‌గార్డు మీద టీ, పక్క రేకుల మీద లేతూ వెల్డింగూ, తోక మీద సీటు భాయ్. బండి అంటే ఆటోనగర్ బస్టాపులో గోడలా ఉండేది.

మొదటి రేసుకు వెళ్ళే ముందు సాయంత్రం పాస్టరుగారు వచ్చి బండికి ప్రార్థన చేశారు. మా క్రైస్తవుల ఇళ్ళల్లో కొత్త బండి ఏది వచ్చినా అలాగే చేస్తారు. ప్రార్థన కోసం తెచ్చిన మైకు ఖాళీగా ఉంటే నా చెయ్యి ఊరుకోలేదు. పెళ్ళిళ్ళలో చదివింపులు చదివినట్టు అందుకున్నాను. "లేత్ వర్క్స్ వారు చదివించిన ఫుట్‌రెస్టులు జత ఒకటి. వారికి వరుడి తరపున ధన్యవాదములు. టీ దుకాణం అక్కగారు చదివించిన పెట్రోలు, పోయగలిగినంత." వరుడు బండే. జనం నవ్వారు గానీ, తమ పేరు వచ్చేసరికి ఒక్కొక్కరూ నవ్వు ఆపి, చొక్కా సర్దుకుని నిలబడ్డారు. పేరు పిలవగానే మనిషి నిటారుగా అవడం ఎప్పుడూ చూడాల్సిన విషయం. పాస్టరుగారు కూడా నవ్వి, సంఘం తరపున ఏమీ చదివించలేదని చిన్నబుచ్చుకుని, మర్నాడు హెల్మెట్ పంపించారు.

రెండేళ్ళు అలాగే నడిచింది. తర్వాత చెల్లెమ్మ తీసిన ఒక వీడియో ఎలా తిరిగిందో తిరిగింది. గుట్ట మీంచి ఎగిరిన బావ కింద పడే లోపల మడ్‌గార్డు ఊడిపోయింది. బావ ముందుకు పోయాడు, మడ్‌గార్డు మీదున్న టీ కొట్టు పేరు వెనక దొర్లుకుంటూ వచ్చింది. దేశం మొత్తం చూసిందా వీడియో. టీ అక్క మాత్రం, "నా పేరొక్కటే కింద పడిపోయింది సూడు" అని మూడు రోజులు బావకి చక్కెర తక్కువేసింది.

ఆ వీడియో చూసే వచ్చాడు కంపెనీ కుర్రాడు. రుషికొండ వైపు ఆఫీసు. టిన్నుల్లో అమ్ముతారు చూడండి, తాగితే నిద్ర రాదనే కూల్‌డ్రింకు, ఆ రకం. మర్యాదస్తుడు. ల్యాప్‌టాప్ తెరిచి బండి మీదున్న బావ బొమ్మ చూపించాడు. బొమ్మలో బండి మొత్తం ఒకటే రంగు, ఆ చివర నుంచి ఈ చివర వరకు ఒకటే పేరు.

"ఇందులో టైర్లోళ్ళేరీ?" అన్నాడు బావ.

"సర్, మిగతావి ఉండకూడదు సర్. బండి మొత్తం మాదే. డ్రెస్సు, హెల్మెట్ కూడా. తర్వాత మీ ఆన్‌లైన్ పేజీ. వారానికి ఇన్ని వీడియోలని ఉంటుంది. ప్రతి దాంట్లో టిన్ను కనిపించాలి."

"మోకాలి మీద కూడా మీ పేరే రాశారు ఇక్కడ," అన్నాను నేను బొమ్మ చూసి. "ఆ మోకాలికి రెండుసార్లు కట్టు కట్టింది మా చెల్లెమ్మ. ఆవిడ పేరేదీ?"

కుర్రాడు నవ్వాడు. నవ్వగలడు కాబట్టే నాకు అతని మీద కోపం రాలేదు. బదులుగా వాళ్ళు ఇస్తామన్నది చిన్నది కాదు. ఆ సీజన్‌లో బయట రాష్ట్రంలో జరిగే పెద్ద రేసు. బండి రవాణా, ఎంట్రీ, టైర్లు, ఉండడానికి గది, అన్నీ వాళ్ళవే. అప్పటిదాకా బావ ఈ జిల్లా దాటి తోలింది లేదు. కుర్రాడు వెళ్ళాక బావ చాలాసేపు నా కత్తిరింపుల చెత్తని కాలితో తోస్తూ కూచున్నాడు.

"ఒక్కసారి బావా," అన్నాడు చివరికి. "ఒక్కసారి బయట ట్రాక్ మీద తోలాల. వచ్చే ఏడు మోకాలు ఒప్పుకోదు. నాకు తెలస్తంది కదా. ఇంట్లో సెప్పలేదు, నీకు సెప్తన్నాను."

"చెల్లెమ్మ నర్సు రా. నీ మోకాలు నీకంటే ముందు ఆవిడకే చెప్పుంటుంది."

అడక్కుండా స్టిక్కర్లు తీయనన్నాడు బావ. బండి తీసుకుని కొట్టు కొట్టుకూ తిరిగాడు, పెళ్ళయి వెళ్ళే పిల్ల అందరి దగ్గరా సెలవు తీసుకున్నట్టు. నేను వెనక కూచున్నాను. ఎవరైనా తిడితే పంచుకోవడానికి. ఎవరూ తిట్టలేదు. టైర్ల కొట్టాయన, "కంపినీ వచ్చిందంటే మన బండి పెద్దదైపోయినట్టే కదరా" అని తన ట్యాంకు మీది పేరుని తనే గోటితో గీకబోయాడు. టీ అక్క, "నా పేరు ఎప్పుడో రాలిపోయింది కదేటి" అంది. సీటు భాయ్ దగ్గరకి పాతవూరు వెళ్ళాం. ఆయన మిషను ఆపకుండానే అన్నాడు. "తీసెయ్ బేటా. సీటు మీద కూచునేది నువ్వు గానీ స్టిక్కర్ కాదు కదా."

మర్నాడు చెల్లెమ్మ జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి వేడిగాలి పెట్టి, నేను అంటించినవన్నీ నేనే ఊడబీకాను. వాటి చుట్టూ మా ఊరి గాల్లో ఉండే బొగ్గుపొడి నల్లటి అంచుల్లా మిగిలింది. దాన్ని తుడవడానికే ఎక్కువ సేపు పట్టింది.

కంపెనీ మనిషి అయ్యాక బావ జీవితంలో వచ్చిన పెద్ద మార్పు ఏమిటంటే, టిన్ను తిప్పడం. వీడియో తీసేటప్పుడు టిన్ను మీది పేరు ఫోను వైపు ఉండాలి. వేళ్ళు పేరు మీద పడకూడదు. తాగక్కర్లేదు, తాగబోతున్నట్టు ఉండాలి. ఇది ఎంత అలవాటైందంటే, ఇంట్లో మంచినీళ్ళు తాగినా గ్లాసుని ఓసారి తిప్పి చూసుకుని తాగేవాడు. "స్టీలు గ్లాసు మీద మా అమ్మ పేరుంది. మా అమ్మ గానీ స్పాన్సరేటి ఈ ఇంటికి" అని చెల్లెమ్మ నవ్వేది.

కంపెనీ రంగుల్లో మొదటి వీడియో బావ పేజీలోనే పెట్టారు. బావ వస్తాడు, టిన్ను పట్టుకుంటాడు, హెల్మెట్ పెట్టుకుంటాడు, ఎగురుతాడు. బాగుంది. సందు మొత్తం చూసింది. సమస్య అక్కడ రాలేదు, కింద కామెంట్ల దగ్గర వచ్చింది.

మావాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఎవరూ కూడబలుక్కోలేదు. మంచి జరిగిన చోట పేరు చెప్పి దీవించడం తప్ప వేరే పద్ధతి తెలియదు, అంతే. "శుభాకాంక్షలతో, మీ టైర్ల షాపు, బస్టాపు ఎదురుగా. పంచర్లు కూడా వేయబడును." "బావకి ఆల్ ది బెస్ట్. ఇంటి గేట్లు, గ్రిల్స్ చేయబడును, నమ్మకమైన పని." "తమ్ముడూ జాగ్రత్తగా తోలు. పొద్దున్న ఇడ్లీ, సాయంత్రం బజ్జీ కలదు." ముందు టైరు కూడా తమదేనని ఒకరు రాస్తే, వెనకది మాత్రమే మీది, ముందుది మా బామ్మర్దిది అని ఇంకొకరు రాశారు. దాని కింద వాదన. ఎవరో ఆ మధ్యలో, "ఈ టిన్ను కంటే అక్క టీ మేలు" అని కూడా రాశారు. బండి మీద నుంచి నేను ఊడబీకినవన్నీ వీడియో కింద వరసగా మళ్ళీ అంటుకున్నాయి. నేను చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. నేనొక్కణ్ణే ఏమీ రాయలేదు. పొద్దస్తమానం పేర్లు రాసేవాణ్ణి, తీరికలో కూడా రాయాలా అని బద్ధకించాను.

కుర్రాడు ఫోన్ చేసినప్పుడు బావ నా కొట్టులోనే ఉన్నాడు. మధ్యాహ్నం. చెల్లెమ్మ డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది. ఫోను స్పీకరులో పెట్టారు.

"సర్, మీ పేజీలో ఆ కామెంట్లు తీసెయ్యాలి. తీస్తే మళ్ళీ పెడుతున్నారు. నేను పొద్దున్నుంచి చూస్తున్నాను. అందుకని వాళ్ళని బ్లాక్ చెయ్యండి."

"బ్లాకంటే?"

"వాళ్ళు మీ పేజీ చూడలేరు సర్. మీకు ఏమీ రాయలేరు."

"వాళ్ళు మావాళ్ళు తమ్ముడూ. దీవిస్తన్నారు."

"నాకు అర్థమైంది సర్. మా ఊళ్ళో పెట్టినా మావాళ్ళూ ఇంతే. కానీ పైవాళ్ళు చూసేశారు. మేం డబ్బిచ్చి వేసుకున్న యాడ్ కింద ఊరి యాడ్లన్నీ ఉన్నాయి అంటున్నారు. ఖాతా పేరులో ఏదైనా కొట్టు పేరు ఉంటే తీసెయ్యండి, అంతే. రేపటికల్లా లేకపోతే బయటి రేసు ఎంట్రీ ఆపేస్తామంటున్నారు. నేను చెప్పి చూశాను."

బావ ఫోను పెట్టేశాడు. బయట స్టీలు ప్లాంటు షిఫ్టు బస్సు ఆగి జనాన్ని దింపి పోయింది.

"రేపు పొద్దున్న ఏ మొకం పెట్టుకుని టీ తాగాల?" అన్నాడు బావ.

"హెల్మెట్ పెట్టుకుని తాగు," అన్నాను.

అతను నవ్వలేదు. చెల్లెమ్మ ఫోను తీసుకుంది. "ఒకల్ని ఉంచి ఒకల్ని తీసేత్తే తగువులొత్తాయి. అందర్నీ తీసేద్దాం. రేసయ్యాక మళ్ళీ తెరుద్దాం. ఎవలికేటి సెప్పాలో నాను సెప్తాను." ఆమె పేర్లు చదవడం, బావ సరే అనడం, ఆమె నొక్కడం. టైర్లు, లేతు, వెల్డింగు, టీ. నేను మైకులో చదివిన పేర్లే, ఈసారి ఇంకో పనికి. సీటు భాయ్ దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఈయన కొట్టు గురించి ఏటీ రాయలేదు," అంది. "దేవుడు నిన్ను సల్లగా సూడాల బేటా అని రాశాడు, అంతే. ఇది పార్తన కదా. యాడ్ కాదు కదా."

బావ ఫోనులోకి తొంగిచూశాడు. "పేరు?"

"సీట్ మేకర్స్ అనే ఉంది. కొట్టు ఫోనేమో."

కొట్టు పేరున్న ఖాతాలన్నీ అన్నాడు కుర్రాడు. పైవాళ్ళు మళ్ళీ చూస్తారు. వాళ్ళు చూసేది పేరే గానీ కింద ఏం రాసి ఉందో కాదు. బావ ఈ లెక్క అంతా లోపల వేసుకుంటున్నట్టు అతని దవడ కదలడం నాకు కనపడింది. "తీసెయ్," అన్నాడు. అని, లేచి బయటికి వెళ్ళి, నా బోర్డు కింద నిలబడి రోడ్డు చూస్తూ ఉండిపోయాడు.

సందులోవాళ్ళకి చెల్లెమ్మే చెప్పింది. వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. కొందరు మూతి ముడిచారు. టీ అక్క, "నన్ను ఫోన్లో ఆపీగలవు గానీ బాకీ పద్దులో ఆపలేవు తమ్ముడూ" అంది. పాతవూరు మాత్రం ఎవరూ వెళ్ళలేదు. ఫోన్ చేద్దామని బావ రెండుసార్లు అనుకున్నాడు. ఏమని చెప్పాలో తెలియక, ప్రాక్టీసు ఉందని, బండి సర్దాలని, రైలు టైమైందని దాటేశాడు. నేను వెళ్ళి చెప్పి వద్దామా అంటే, "వొద్దు బావా, నీ నోట్లోంచి వత్తే అది ఎకసెక్కం అయిపోద్ది" అన్నాడు. నిజమే. నా నోటికి ఆ పేరు నేనే తెచ్చిపెట్టాను.

రేసు ఆదివారం. బావ పేజీలో లైవ్ వస్తుందని కంపెనీ చెప్పింది. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. మా సందులో పెద్దవాళ్ళందరూ బ్లాకు. కుర్రాళ్ళు ఇంకో ఖాతా తెరుచుకుని ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. కామెంటు పెట్టడానికి బద్ధకించిన పుణ్యాన, పెద్దవాళ్ళకి నేనే దిక్కయ్యాను. చర్చి అయిపోగానే చెల్లెమ్మ వచ్చింది. టీ అక్క కొట్టు మూసి వచ్చింది. టైర్లు, లేతు, వెల్డింగు అందరూ నా చిన్న కొట్టులో రేడియం చుట్టల మధ్య ఒకరి భుజం మీంచి ఒకరు తల పెట్టారు. ఫోనుని కత్తిరింపు బల్ల మీద గ్లాసుకి ఆనించాను.

కెమెరా బావ హెల్మెట్‌లో పెట్టారు. కాబట్టి మాకు కనపడింది హ్యాండిలూ, దాని మధ్య మెత్త మీద కంపెనీ పేరూ, దాని ముందు ఎగిరిపడే మట్టీ. బావ మాత్రం ఎక్కడా లేడు.

"తమ్ముడేడీ?" అంది టీ అక్క.

"తమ్ముడి కళ్ళతోనే చూస్తున్నాం అక్కా. అతనికి ఏది కనపడితే మనకి అదే."

"అయితే మేం కనపడతన్నామేటి అతనికి?"

అప్పటిదాకా చొక్కా, మోకాలు, బండి అమ్ముకోవడం చూశాను. చూపుని కూడా అద్దెకి ఇవ్వొచ్చని ఆవేళే చూశాను. బావ తల తిప్పితే మా అందరి తలలూ తిరిగాయి. గుట్ట మీద బండి లేచింది. చెల్లెమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. లేత్ పనివాడు మాత్రం తెర కింది అంచుకేసి చూస్తున్నాడు, ఫుట్‌రెస్టులు కనపడతాయేమోనని. కనపడలేదు. మావాళ్ళు ఇచ్చిన ఏ వస్తువూ ఆ కెమెరాకి కనపడే చోట లేదు. అన్నీ అతని కిందే ఉన్నాయి.

బావ గెలవలేదు. సగం వయసున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు అతన్ని దాటిపోయారు. అయినా పడలేదు. పూర్తిచేశాడు. గీత దాటాక హెల్మెట్ తీసినట్టున్నాడు, ఆకాశం, తర్వాత నేల, తర్వాత అతని బూటు కనపడ్డాయి. ఆ బూటు చూసి టైర్ల కొట్టాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాతే టీ అక్క చుట్టూ చూసి, "సీటు భాయ్ రాలేదేటి?" అంది. పాతవూరు దూరం కదా అన్నాను. చెల్లెమ్మ నా వైపు చూడలేదు.

బావ దువ్వాడ స్టేషన్లో దిగిన రోజే అందరినీ తెరిచేశాడు. కానీ బ్లాకు తీసేస్తే మనుషులు వాళ్ళంతట వాళ్ళు తిరిగి రారట. వాళ్ళు మళ్ళీ ఫాలో అని నొక్కాలట. ఎవరూ నొక్కలేదు. వారం రోజులు అతనికి అనుమానం, వీళ్ళు అలిగారేమోనని. చివరికి టీ కొట్టు దగ్గర ఉండబట్టలేక అడిగేశాడు.

"అక్కా, నన్ను మళ్ళీ ఫాలో అవ్వవేటి?"

"రోజూ నా బెంచీ మీదే కూకుంటావు. ఇంకెక్కడికి ఫాలో అవ్వమంటావు?"

అది విని బెంచీ మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. అలకేదీ లేదని బావకి అప్పుడు నమ్మకం కుదిరింది. సీజన్ అయిపోయింది. కంపెనీ తర్వాతి ఏడాదికి వంటలు చేసే అమ్మాయి దగ్గరకు వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి పులిహోర కలుపుతుంటే పక్కన టిన్ను కనపడుతోంది. పేరు మన వైపే. బాగా తిప్పుతోంది.

బావ మోకాలు అతను చెప్పిన మాట నిలబెట్టుకుంది. రేసులు ఆగిపోయాయి. అయినా అతని మనసులో ఒకటి నలుగుతూనే ఉంది. టీ తాగుతూ మధ్యలో ఆపి, "సీటు భాయ్ ఒక్కడే కదా బావా యాపారం గురించి రాయందీ" అనేవాడు. నేను ఆ విషయం చాలాసార్లు ఆలోచించాను. మిగతావాళ్ళ దీవెనలో వ్యాపారం ఉంది, నిజమే. అయితే దీవెన లేదా? ఉంది. పెళ్ళిలో చదివింపు ఇచ్చినవాడు పేరు వినపడాలనుకుంటే, అతనికి పెళ్ళికొడుకంటే ప్రేమ లేనట్టా? రెండూ ఒకే చేతిలోంచి వస్తాయి, విడదీయడానికి రాదు. కంపెనీ విడదీసింది. తన పేరు ఒక్కటే ఉంచింది, దీవెన సంగతి దానికి అక్కర్లేదు. మేం ఎంత నవ్వుకున్నా, ఆ విడదీసే పనికి బావ కూడా తన మాట అరువిచ్చాడు. అదీ అతని బాధ.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక వెళ్దామన్నాడు. స్కూటర్ మీద వెళ్ళాం. భాయ్ ఆటో సీటు కుడుతున్నాడు. దుకాణం నిండా ఫోము ముక్కలు. "రా బేటా," అన్నాడు, మిషను మీంచి కళ్ళెత్తకుండా. నాకు స్టూలు చూపించాడు. బావ నిలబడే ఉన్నాడు.

"భాయ్, ఆ రోజు..."

"మా మనవరాలు సెప్పింది. నీ బొమ్మలు రాటం లేదు, ఫోను ఖరాబైంది సూడవే అన్నాను. నొక్కి నొక్కి సూసింది. దాదా, ఫోను బానే ఉంది, ఆయనే నిన్ను ఆపేశాడు అంది. అలాగ ఎందుకు సేత్తాడే, రేసు పనిలో ఉన్నాడు అన్నాను. నవ్వింది. ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు."

"కొట్టు పేర్లున్నోల్లని అందర్నీ తీసెయ్యమన్నారు భాయ్. నీ ఫోన్లో కొట్టు పేరుంది."

భాయ్ మిషను ఆపాడు. దారం తెంపి, సూదిని గుడ్డకి గుచ్చి, అప్పుడు చూశాడు బావ వైపు. "ఆ పేరు మా నాన్నది. కొట్టుకీ అదే, నాకూ అదే. మసీదులో నన్ను పిలిచేదీ అదే. దువా సెయ్యటానికి ఇంకో పేరు ఎక్కణ్ణించి తేవాల బేటా?"

గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నట్టు అడిగాడు. నాకు ఒక మాట తట్టింది గానీ మింగేశాను. బావ నేల మీది ఫోము ముక్క ఒకటి తీసి వేళ్ళ మధ్య నలుపుతున్నాడు.

"తప్పు నాదే భాయ్," అన్నాడు. "అది పార్తనని మాయావిడ సెప్పింది. నాకూ తెల్సు. తెలిసే తీసెయ్యమన్నాను. రేసు కావాల్సొచ్చింది."

భాయ్ సూదిని గుడ్డలోంచి లాగి మళ్ళీ గుచ్చాడు. పక్క దుకాణంలో ఎవరో రేడియో పెట్టారు.

"సీటు ఎలాగుంది అక్కడ?" అన్నాడు.

"బానే ఉంది భాయ్."

"నిజం సెప్పు."

"ఆకర్లో కుడిపక్క ఒత్తుకుంది. దిగేసరికి కాలు తిమ్మిరెక్కిపోయింది."

"ఊఁ," అన్నాడు భాయ్. ఆ ఒక్క నిజమూ ఆయనకి కావలసినట్టుంది. గల్లాపెట్టె మీద ఫోను తీసి బావ చేతిలో పెట్టాడు. "నాకు ఈ నొక్కుళ్ళు రావు. ఆపింది నువ్వు. నువ్వే నొక్కు."

బావ తన పేజీ వెతుక్కున్నాడు. రంగురంగుల బండి మీద తన ఫొటో. దాని కింద ఫాలో మీట మీద బొటనవేలు పెట్టాడు. గ్రీజు వేలు, తెర పలకలేదు. ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పలకలేదు. భాయ్ తన ఒళ్ళో ఉన్న శుభ్రమైన గుడ్డ ముక్క ఒకటి చింపి అతనికి అందించాడు. బావ ఒక్కో వేలే తుడుచుకోవడం మొదలుపెట్టాడు.